మామ బండిని కూడా రెండు పూటలు పిండి చూశాడు

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసి, "యాదగిరి మామ పోయిండే" అంది.

కట్ చేశాను. మళ్లీ నేనే ఫోన్ చేసి అడిగాను. "ఎవరు చెప్పిన్రు? డాక్టర్ చూసిండా? నువ్వు నీ కళ్లతోని చూసినవా?"

అంతే. ఇంట్లో ఇప్పుడు అదే మాట నడుస్తోంది, దీనికి చావు మీద కూడా డౌటే అని. పలకరింపుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ పెద్దమ్మ చెప్తోంది. "కంట్లె నీళ్లు రాలే. క్వశ్చన్లు అడిగింది."

ఎందుకు రెండోసారి అడిగానో మామ ఉంటే వాళ్లకు చెప్పేవాడు. ఆ అలవాటు ఆయనదే.

తెలియని ఫ్రెండ్స్ కోసం: యాదగిరి మామ మా అమ్మకు అన్న. గౌలిపురలో ఇంటింటికీ పాలు వేసేవాడు. నిన్న లైన్ ముగించుకొని వచ్చి, క్యాన్లు దించి, అరుగు మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. నేను జాబ్ మారినప్పుడల్లా అందరూ "దీనికి కుదురు లేదు" అంటే, "నచ్చంది నచ్చలేదంటది, మీకేమైంది?" అన్నది ఆయన ఒక్కడే.

పోయినేడాది సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ ట్రక్ చూడ్డానికి నన్ను ఉప్పుగూడ తీసుకెళ్లాడు. చిన్న బండే, వెనక పాల క్యాన్లు పట్టేంత.

బండి అమ్మే ఆయన మస్తు మర్యాదస్తుడు. కూర్చోగానే చాయ్, బిస్కెట్లు. నా డౌట్ అక్కడే మొదలైంది. బండి అప్పటికే ఫుల్ ఛార్జ్‌లో రెడీగా ఉంది. మీటర్ మీద రేంజ్ నూట ఇరవై కిలోమీటర్లు.

"దేఖో బేటీ, నేను చెప్తలేను. మీటరే చెప్తున్నది."

మీటర్‌కు సొంత మాటంటూ ఏముంటుంది? అంతకుముందు బండి ఎలా నడిచిందో చూసి అంచనా వేస్తుంది. ఖాళీగా, మెల్లగా కొన్ని రౌండ్లు తిప్పితే చాలు, నంబర్ పెరిగిపోతుంది. మామ చెవిలో ఇదే చెప్పాను.

మామ నవ్వాడు. "అంటే ఇది బర్రెల బేరమే."

మా వాళ్లు బర్రెను కొనేటప్పుడు మొదటి పూట పాలను లెక్కలోకి తీసుకోరు. అమ్మేవాడు ముందు పూట పిండకుండా ఆపేస్తాడు కాబట్టి పొదుగు నిండుగా కనిపిస్తుంది. అందుకే అక్కడే కూర్చుని, కళ్ల ముందు మొత్తం పిండించి, తర్వాతి పూట మళ్లీ పిండించి, అప్పుడు బేరం మాట్లాడతారు.

బండికీ అదే చేశాడు. క్యాన్ల నిండా నీళ్లు పోయించి ఎక్కించాడు.

"పానీ కాయ్‌కు భాయ్? పాలల్ల కలిపేటియి ఇయ్యేనా?" అన్నాడు అమ్మే ఆయన.

"పాలల్ల కలిపితే నా గిరాకీ పోతది. నీ బండిల పెడితే నీ ముచ్చట బయటకొస్తది."

బ్యాటరీ అడుగంటేదాకా తిప్పాం. తర్వాత అక్కడే ఛార్జింగ్ పెట్టించి, ఛార్జర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు మామ. అన్నం కూడా అక్కడే తిన్నాడు. ఫుల్ అయ్యాక మళ్లీ అదే లోడ్‌తో బయలుదేరాం. బ్రిడ్జి ఎక్కుతుంటే పర్సెంట్ చూస్తుండగానే పడిపోయింది. చివరికి బండి ఆగింది. ఆ మర్యాదస్తుడే దిగి నెట్టాడు.

రెండుసార్లూ అరవై కిలోమీటర్ల దగ్గరే ఛార్జ్ అయిపోయింది.

"నా లైన్‌కు అరవై చాలు. అరవై బండి అని చెప్పి అమ్ము, కొంట" అన్నాడు మామ. అలాగే కొన్నాడు.

ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మామ తమ్ముడు, మా చిన్న మామకు ఇంకా బాగా తెలుసు.

ఇవాళ పొద్దున చూస్తే వాకిట్లో ఛార్జర్ లైట్ వెలుగుతోంది. పాలకు ఎవరూ పోవడం లేదు. మరి ఛార్జింగ్ ఎవరికోసం? బండి కడిగి కూడా ఉంది. లోపలికి తొంగి చూశాను. మీటర్ మీద నూట పదిహేను. మామ చేతిలో ఆ బండి ఏనాడూ చూపించని నంబర్. ఖాళీ బండిని ఎవరో గల్లీల్లో తిప్పారు.

కాసేపటికి అర్థమైంది. ధూల్‌పేటలో గణపతులు చేసే ఒకాయన పలకరించడానికి వచ్చాడు. చిన్న మామ మెల్లగా ఆయన్ను బండి దగ్గరికి నడిపించాడు.

"అన్న పానం లెక్క చూసుకున్న బండి ఇది. ఫుల్ కొడితే నూట పదిహేను. మీటర్ మీదనే ఉన్నది, సూడు."

"యాదగిరి బండి అంటే ఇగ సూసేదేమున్నదే" అన్నాడాయన.

మామ పేరు చెప్తే చాలు, టెస్ట్ కూడా అక్కర్లేదట!

"చిన్న మామా, లోడ్ ఏస్తే అరవై గదా?" అన్నాను అందరి ముందే.

"శవం లేచి ఒక్క దినం కాలే. నీకు బండి లొల్లి ఏందే ఇప్పుడు?"

లొల్లి నాదా? ఛార్జింగ్ పెట్టింది నేనా?

చిన్న మామ నిన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. అది నటన అని నేననను. నూట పదిహేను అన్నది కూడా ఆయనే.

తర్వాత యాదగిరి మామ భార్య, మా అత్తమ్మ, నన్ను లోపలికి పిలిచి, బండి తాళం నా చేతిలో పెట్టింది. నన్ను నమ్మి ఇచ్చిందో, ఇంకెవరికీ దొరకొద్దని ఇచ్చిందో నాకు తెలియదు.

ఆ గణపతులాయన విగ్రహాలు పెట్టుకుని ఎత్తులు ఎక్కాలి. నడిమధ్యలో బండి ఆగితే ఆయన తిట్టేది మా మామనే.

మామా, ఇక నీకు తెల్లారకముందే లేచే పని లేదు. హాయిగా పడుకో.

బండి అమ్ముకుంటే అమ్ముకోండి. ముందు ఆ గణపతులాయన తన బొమ్మలు ఎక్కించుకుని, రెండుసార్లు ఛార్జ్ అయిపోయేదాకా తిప్పి చూసుకోవాలి. పక్క సీట్లో నేను కూర్చుంటాను.

అప్పటిదాకా తాళం ఇవ్వను.