వంతు రాని ఇల్లు

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆడవాళ్లది. పొద్దున పదకొండింటికి మొదలై రెండింటికి అయిపోతుంది. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. ప్రార్థన అయ్యాక ఆ ఇంటావిడ ఉప్మా, టీ పెడుతుంది, దాంతో ఉపవాసం విడుస్తాం. ఏ వారం ఎవరి వంతో కాగితం మీద రాసేది నేను. ఆశా వర్కర్ని కదా, రిజిస్టర్లు రాయడం చేతికి అలవాటు. మా సంఘంలో పదిహేడు ఇళ్లు. నా కాగితంలో పదహారే ఉండేవి.

పదిహేడోది మా తోడికోడలిది, మా ఆయన అన్న భార్యది. నేను అక్కా అంటాను. బావగారు పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ములకలపల్లి వైపు పోయే రోడ్డు మీద, ఊరు అయిపోయి పామాయిలు తోట మొదలయ్యేచోట ఆమెది రెండు గదుల రేకుల ఇల్లు. ఆ ఇంటిని ఎందుకు రాయలేదని నన్నెవరూ అడగలేదు. ఆమెకు చేతబడి వచ్చని ఊరంతా అనుకుంటుంది, దేవుణ్ణి నమ్ముకున్న మా పదహారు ఇళ్లూ అనుకుంటాయి. ఆదివారం ఆరాధనలో ఆమె కూర్చున్న చాప మీద ఇంకొకరు కూర్చోరు. ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమ విందుకు ఆమె వండి తెచ్చిన పప్పు గిన్నె వచ్చింది వచ్చినట్టే తిరిగి పోతుంది. పాస్టర్ గారొక్కరే ఒక గరిటె వేయించుకునేవారు. ఆయనది పక్క మండలం, సాయంత్రానికి వెళ్లిపోతారు.

ఆమెకు ఆ పేరు తెచ్చింది నేనే.

పెళ్లయిన రెండో ఏడు నాకు కొడుకు పుట్టాడు. కాన్పు ఇంట్లోనే. అప్పట్లో ఊళ్లో ఏ పసిబిడ్డకు లాల పోయాలన్నా అక్కనే పిలిచేవాళ్లు. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే, గుక్కపట్టి ఏడ్చే పిల్ల కూడా నిద్రపోయేది. మావాడికీ రోజూ ఆమే పోసింది. ఏడో రోజు వాడు పాలు పట్టడం మానేశాడు. ఎనిమిదో రోజు దవడలు బిగుసుకుని ఒళ్లు విల్లులా వంగింది. తొమ్మిదో రోజు పోయాడు. నా పక్కన కూర్చుని ఓదారుస్తున్న ఒకావిడతో నేను, ఆమె చెయ్యి మంచిది కాదు అన్నాను. ఒక్కసారే అన్నాను. రెండోసారి అనాల్సిన పనే లేకపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? ఎవరి గేదె ఒట్టిపోయినా, ఎవరి పిల్లకు మూర్ఛ వచ్చినా జనం ఆ వాకిలి వైపు చూడసాగారు.

చాలా ఏళ్ల తర్వాత ఆశా ట్రైనింగులో మేడమ్ ధనుర్వాతం పాఠం చెప్పింది. బొడ్డు మీద బూడిదో పేడో పెడితే పసిబిడ్డకు వస్తుందట. ఏడెనిమిది రోజులకు పాలు పట్టదట, దవడలు బిగుస్తాయట. అందరూ రాసుకుంటున్నారు. నేను పెన్ను కింద పెట్టేశాను. మావాడి బొడ్డు మీద రోజూ పిడక బూడిద అద్దింది మా అమ్మ. నేను పక్కన పడుకుని చూస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే మా అమ్మ పేరు చెప్పాలి. అమ్మ పోయాక కూడా చెప్పలేదు, అప్పటికి సిగ్గు అడ్డమొచ్చింది. ఇల్లిల్లూ తిరిగి బాలింతలకు బొడ్డు మీద ఏమీ పెట్టొద్దని చెప్పేదాన్ని, అక్క సంగతి వచ్చినప్పుడు మాత్రం నా నోరు పెగిలేది కాదు. నేను అలాంటి మనిషిని, ఇప్పుడు దాచి చేసేదేముంది?

పోయినేడు వేసవిలో ఒక శుక్రవారం ఒక బాలింతను చూసి తోట పక్క రోడ్డు మీదుగా వస్తున్నాను. ప్రార్థనకు అప్పటికే ఆలస్యమైంది, పన్నెండు దాటింది. పామాయిలు తోటలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. ఎక్కడో ఎండిన మట్ట ఊడిపడితే మనిషి పడ్డట్టే చప్పుడవుతుంది. రోడ్డు మీద పిట్ట కూడా లేదు. అక్క ఇంట్లోంచి ప్రార్థన వినబడింది. ముందు ఆమె గొంతే. ఆ ప్రార్థన ముగిశాక ఆమెన్ అని వినబడింది, అది ఆమె గొంతు కాదు. మా సంఘంలో అందరికంటే పెద్దదైన అవ్వ అన్నట్టే, వణుకుతూ. మళ్లీ అక్క ప్రార్థన. ఈసారి ఆమెన్ సన్నగా, పిల్ల గొంతులా. ఆ తర్వాతది ముక్కుతో. నాకు చెప్పకుండా వంతు మార్చుకుని అందరూ ఇక్కడికి వచ్చారా అనుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను.

గది నిండా చాపలు పరిచి ఉన్నాయి. ఒక్కో చాప ముందు మూత పెట్టిన స్టీలు గ్లాసు. మధ్యలో అక్క ఒక్కతే, మోకాళ్ల మీద, కళ్లు మూసుకుని ఉంది. నా చెల్లె బిడ్డకు నెలలు నిండినయి తండ్రీ, కాన్పు సుఖంగ గావాలె అంటోంది. అది నా కూతురి సంగతి. కాసేపు ఆగింది. తర్వాత ఆమె నోట్లోంచి ఆమెన్ వచ్చింది, చివర కాస్త సాగి, గొంతులో చిన్న దగ్గు తగిలి. అది నా గొంతు.

చెప్పుల చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, రోడ్డెక్కాక పరిగెత్తాను. ఈ వయసులో, చేతిలో రిజిస్టరు పట్టుకుని. నా గొంతు ఆమె దగ్గర ఎందుకుంది? ధనుర్వాతం పాఠం చదివిన నాకు కూడా ఆ రోజు ఆమెకు నిజంగానే ఏదో వచ్చనిపించింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు నేను పైకి వినబడేలా ఆమెన్ అనలేకపోయాను.

కూతురికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు, తల్లీబిడ్డలను మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆ నెలలోనే మా వీధిలో ఇద్దరు పోయారు, ఒకరు గుండెపోటుతో, ఒకరు పురుగుల మందు తాగి. రెండో చావు మర్నాటి నుంచి అక్క వాకిట్లో ఎవరో కోసి పడేసిన నిమ్మకాయలు, కుంకుమ కనబడ్డాయి. చర్చికి పోతూ మా వాళ్లు వాటిని తప్పుకుని నడిచేవాళ్లు. మా దేవుడు అన్నిటికన్నా గొప్పవాడంటాం, నిమ్మకాయ దగ్గరికొచ్చేసరికి కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటాం! ఆమెను ఊరు దాటించాలని మగవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. ఊరు దాటించడమంటే ఏం చేస్తారో నాకు తెలుసు. అలా పళ్లు ఊడగొట్టిన మనిషిని చిన్నప్పుడు ఒకసారి చూశాను.

ఆ ఆదివారం పాస్టర్ గారి వాక్యంలో నాకు రెండు మాటలే వినబడ్డాయి. ప్రేమ ఉన్నచోట భయం నిలవదని ఒకటి. తోబుట్టువుకు నీ వల్ల నొప్పి కలిగిందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు పోయి సమాధానపడమని రెండోది. ఆయనకు మా గొడవ ఏదీ తెలియదు. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఆయన మీద కాదు. చర్చిలో ఇన్నేళ్లు వంతులు రాస్తూ గౌరవంగా కూర్చున్న నా మీద.

శుక్రవారం ప్రార్థన పెద్దవ్వ ఇంట్లో. మొదలుకాకముందే లేచి నిలబడి అంతా చెప్పాను. నేనన్న మాట, మా అమ్మ పెట్టిన బూడిద, ట్రైనింగు, అన్నీ. ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టలేదు. అప్పుడు పెద్దవ్వ తల ఎత్తకుండానే అంది.

"గట్లయితే నీ మనవరాలికి ఆమెతోటే లాల పోయించు. మేం కూసోని చూస్తం."

వద్దని ఒక్కరూ అనలేదు.

అక్కడి నుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. ఆ గడప దాటి ఇరవై ఏళ్ల పైమాటే. కింద కూర్చుని, నీ పేరు చెడగొట్టింది నేనేనని చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపలేదు.

"నువ్వన్ననాడే తెల్సు చెల్లె. వాని బొడ్డు మీది బూడిద కడిగింది నేనే. తెల్లారి సూస్తే మళ్ల ఉన్నది. మీ అమ్మ పెట్టిందని తెల్సు. దానితోనే పోయిండో ఏమో నాకేమెరుక. నేను ఆ మాటంటే అందరు మీ అమ్మ మీద పడతరు. కొడుకు పోయి ఏడుస్తున్నవ్, తల్లి గూడ లేకపోతే ఎట్ల బతుకుతవ్ అనుకున్న."

ఆమెన్ల సంగతి కూడా అడిగేశాను, అడక్కపోతే ఆ భయం నన్ను వదిలేది కాదు. ఆమె కొంచెం సిగ్గుపడింది. ఒక్కదాన్నే అంటే ఇల్లు బోసిపోతుందట. ఆదివారం ఎవరెలా అంటారో వింటుంది కదా, యాదికి ఉంటుందట. అందుకని అందరివీ తనే అంటుందట. ఆ గ్లాసుల్లో టీ ఏం చేస్తావని అడిగితే, సాయంత్రం వేడి చేసుకుని రెండు గ్లాసులు తాగి మిగతాది చెట్టుకు పోస్తానంది.

ఇక మిగిలింది నా కూతురు. బిడ్డ దానిది. నేను చెప్పిందంతా విని, నువ్వు చేసిన తప్పుకు నా బిడ్డను పణంగ పెడతవా అమ్మా అంది. నీకు భయంగ లేదా అని అడిగింది. ఉందన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున లేచి, నా కండ్ల ముంగటనే పొయ్యాలె, నేను లేచిపోను అంది.

ఇరవై ఒకటో రోజు, పది గంటల ఎండలో మా వాకిట్లో సంఘం ఆడవాళ్లంతా రెండు వరుసల్లో కూర్చున్నారు. అక్క వచ్చింది. గోళ్లు చర్మం దాకా కత్తిరించుకుంది, వేళ్ల చివర్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరూ అడగకుండానే రెండు చేతులూ చాపి, తిప్పి, వరుసగా అందరికీ చూపించింది. అది చూడలేక నేను తల దించుకున్నాను. తర్వాత కాళ్లు చాపుకుని కూర్చుంది. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. పిల్ల ఏడవలేదు, కళ్లు తెరుచుకుని అక్క ముఖంలోకే చూసింది. ఏడవకపోవడం కూడా వాళ్లకు అనుమానమే అయింది. పెద్దవ్వ ముందుకు వంగి పిల్ల కళ్లలోకి చాలాసేపు చూసి, కర్ర పట్టుకుని వెళ్లిపోయింది.

అప్పటి నుంచి రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. గేటు బయటే నిలబడి, పిల్ల పాలు తాగుతాందా అని అడిగి, తాగుతోందంటే తలాడించి పోయేవాళ్లు. తొమ్మిది రోజులు లెక్కపెడుతున్నారని తెలుసు. ఛీ, నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నేనూ లెక్కపెట్టాను. పిల్ల నిద్రపోతుంటే నోట్లో వేలు పెట్టి దవడ కదులుతోందా లేదా చూసుకునేదాన్ని.

ఆరో రోజు పొద్దున పిల్ల ఒళ్లు కాలిపోయింది. ఊపిరి ఎగపోస్తోంది. నెల కూడా నిండని బిడ్డకు జ్వరమొస్తే ఒక్క గంట ఆగకూడదని నేనే అందరికీ చెబుతాను. మా ఆయన సత్తుపల్లి బొగ్గు గనిలో డ్యూటీలో ఉన్నాడు. ఆటోకు ఫోన్ చేశాను. అది వచ్చేసరికి మా గేటు ముందు జనం నిండారు. ఆ గుంపులోంచి ఇద్దరు మగవాళ్లు విడిపడి తోట వైపు నడుస్తున్నారు. మేము దవాఖానా నుంచి తిరిగొచ్చేసరికి అక్క ఉండదని నాకు అర్థమైంది.

ఆటో వాళ్లను దాటిపోయింది. అక్క ఇంటి ముందు ఆపించి, జల్దీ ఎక్కు అన్నాను. ఎందుకని అడగలేదు, ఉన్నపళంగా వచ్చి ఎక్కింది. సీటు అంచున ఒదిగి కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. పిల్లను తాకిందన్న మాట రాకూడదని.

పిల్లకేం కాలేదు, ముందే చెప్పేస్తున్నాను. నెమ్ము చేసిందన్నారు, కొన్ని రోజులు ఉంచుకుని పంపించారు. మేం తిరిగొచ్చేసరికి అక్క ఇంటి గడియ విరగ్గొట్టి ఉంది, గ్లాసులన్నీ వాకిట్లో పడి ఉన్నాయి. కానీ ఆ రోజు పిల్లను ఎత్తుకుని ఆటో దిగింది అక్కే, ఊరంతా చూసింది. ఊరు దాటించే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు నా కాగితంలో పదిహేడు ఇళ్లున్నాయి. ఆమె వంతు వచ్చినప్పుడు సగం మంది టీ తాగుతారు, సగం మంది గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంటారు. ఆ సగం మందిని నేను ఏమీ అనలేను.

నాకు రాయాలనిపించింది మాత్రం ఆటోలో జరిగింది. రోడ్డంతా గుంతలు. కుదుపుకొక్కసారి కూతురు కుట్లు పట్టుకుని మూలుగుతోంది, ఒళ్లో పిల్ల జారిపోతోంది. నేను ఫోన్ పక్కన పడేసి, ఇటియ్యి అని చేతులు చాపాను. అది నా చేతుల వైపు చూసింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"పెద్దమ్మా, పట్టుకో."

అక్క చేతులు బయటికి తియ్యలేదు. "భయమైతే వద్దు బిడ్డా. మీ అమ్మకియ్యి. నేనేమనుకోను."

"భయంగనే ఉంది," అంది నా కూతురు. "పట్టుకో."