సగం దించిన షట్టరు వెనక అమెరికా సినిమా

రామచందర్ స్టీలు సామాన్ల దుకాణం అమ్ముతున్నాడని కొడకండ్ల బజారులో పుట్టిన మాట పచ్చి అబద్ధం. అసలు సంగతి ఇది.

పది రోజులుగా మధ్యాహ్నం రెండు కాగానే ఆయన షట్టరు సగం దించుతున్నాడు. ఈ బజారులో సగం షట్టరంటే ఇంట్లో చావైనా జరిగుండాలి, దుకాణమైనా చేతులు మారుతుండాలి. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆయన భార్య లీలకు కుదురు లేదు. బియ్యం ఏరుతూ లేచి వాకిట్లోకి పోతుంది, వచ్చి కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. పెళ్లయిన ఏడాదే పెట్టిన దుకాణం అది. ముప్ఫై ఏళ్లు ఆయన సామాను అమ్మితే, పక్కన కూర్చుని గిన్నెల మీద పేర్లు కొట్టింది ఆమే. పండగ పూట కూడా మూయలేదు. ఇద్దరూ కలిసి ఒక్క సినిమాకైనా పోయింది లేదు. అలాంటిది, తనకు చెప్పకుండా అమ్ముతాడా?

ఇంతలో బిడ్డ పెళ్లికి బిందెలు కొందామని తండా నుంచి వచ్చిన మోతీబాయి, షట్టరు చూసి, తిన్నగా లీల ఇంటికే వచ్చి గడపలో కళ్లొత్తుకుంది.

"ఎవలు పోయిండ్రక్కా?"

"ఎవలూ పోలే. గిప్పుడు నేనే పోతున్న, ఆయన సంగతి చూస్త!"

చెప్పులైనా వేసుకోకుండా పోయి, లీల వంగి షట్టరు కింద దూరింది. లోపల రామచందర్ బోర్లించిన గంగాళం మీద కూర్చుని ఫోన్ చూస్తూ నవ్వుతున్నాడు. నలుపు తెలుపు బొమ్మ. సినిమాకు మాటలొచ్చిన కొత్తలో అమెరికాలో తీసిన ప్రేమకథ. హైదరాబాదులో చదివే బిడ్డ శ్రావ్య పంపింది.

"గీ దొరల మాటలు నీకేం సమజైతయి?"

"మాటలతోని ఏం పని? జర చూడు. గీ పిల్లగాడు, గా పిల్ల ఒక్క గొడుగు కోసం కొట్లాడుకుంట ఇంట్లకు పోయిండ్రు. డైరెక్టరు మనల లోపటికి పోనియ్యడు, మూసిన తలుపే చూపిస్తడు. ఇగో, అరుపులు ఆగినయి. ఒక చెయ్యి వచ్చి తడిసిన గొడుగు బయట పెట్టింది. గంతే! కొత్తగ మాటలొచ్చినయని అందరు వాగుతుంటే గీయన సప్పుడు బంద్ చేసిండు. ఎంత తెలివి!"

లీలకు నవ్వొచ్చింది గానీ, వచ్చిన పని మరవలేదు.

"దుకాణం అమ్ముతున్నవా?"

"అమ్ముడేంది? పిచ్చిగాని లేసిందా?"

"మరి పది దినాల సంది నాకెందుకు చెప్పలే?"

రామచందర్ ఫోన్ ఆపాడు.

"ఎన్నిసార్లు చూసినా గా తలుపు కాడ నువ్వే యాదికొస్తున్నవ్. పిలుద్దామంటే సిగ్గైంది."