బల్ల కింది సీసా

చర్చిలో పాటలు పాడించే శాలేమురాజు మాస్టారు ప్రార్థన చేయందే పల్లీ గింజయినా నోట్లో వేసుకోరు. అలాంటి మనిషిని రైసుమిల్లు పూర్ణచంద్రరావు, ఇంకో ఇద్దరు మిత్రులు కలిసి బీరు యాత్రకు బయల్దేరదీశారు. పొద్దున తెనాలి, మధ్యాహ్నం బాపట్ల, సాయంత్రం రేపల్లె. ఊరికో బీరు, ప్రయాణం బస్సులో.

తెనాలిలో పకోడీలు రాగానే మాస్టారు తన సీసాను మెల్లగా బల్ల కిందికి దించి, కళ్లు మూసుకుని పకోడీల కోసం ప్రభువుకు వందనాలు చెప్పారు. ఆమెన్ అన్నాకే సీసా పైకొచ్చింది. ప్రభువు పైనుంచి చూస్తాడే గానీ బల్ల కిందికి వంగి చూడడని ఆయన ధైర్యం.

బాపట్లలో రొయ్యల వేపుడుకీ అదే తంతు. ఊరు మారేకొద్దీ ప్రార్థన మాత్రం పొడుగైంది. రేపల్లెలో పీతల వేపుడు ముందు కూర్చుని, వండినవాళ్లనూ, వలేసినవాళ్లనూ, చివరికి తిరుగు బస్సు టైర్లనూ దీవించమని వేడుకున్నారు. ఆమెన్ అని బల్ల కింద చెయ్యి పెడితే సీసా తేలిగ్గా తగిలింది. ఎత్తి చూస్తే చుక్క లేదు.

"ఎవరయ్యా ఈ పని చేసింది?" అన్నారు మాస్టారు.

పూర్ణచంద్రరావు మీసం తుడుచుకున్నాడు.

"సీసా ఉన్నట్టు మీరు దేవుడికే చెప్పలేదు. మాకెట్టా తెలుస్తుందండీ మాస్టారూ?"