అల్లాకి తెలుగు రాదేటి

ఐదో తరగతి అయిన వేసవిలో నా బడి ఆగిపోయింది. అరవైల చివరి మాట ఇది. మా సాలూరులో మాకు అందుబాటులో ఉన్న హైస్కూల్లో మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకే గదిలో కూర్చునేవారు. అందుకని మసీదు దగ్గర పెద్దలు చాప వేసుకు కూర్చుని, మన ఇళ్లలో ఆడపిల్లలు హైస్కూలుకి వెళ్లనక్కర్లేదని తేల్చేశారు. ఆ చాప మీద మా నాన్న కూడా ఉన్నాడు. అందరితోపాటు తల ఊపి ఇంటికి వచ్చాడు.

నాన్న లారీలకి సీట్లు కుట్టేవాడు. సాలూరంటే లారీలే. ఘాటీ ఎక్కి కోరాపుట్టు, జగదల్‌పూర్, రాయపూర్ దాకా పోయే బళ్లన్నీ మా ఊళ్లోనే బాగుపడేవి. ఆయన చొక్కాకి ఎప్పుడూ రెగ్జినూ కొబ్బరి పీచూ కలిసిన వాసన. చెయ్యి గట్టిది గానీ నోరు మెత్తన. తన మేనమామ ముందయితే మరీ మెత్తన.

ఆ మేనమామకి బజార్లో చింతపండు కొట్టుంది. మసీదు పెద్ద కూడా ఆయనే. నేను తాతయ్యా అని పిలిచేదాన్ని. మాది మొదటినుంచీ తెలుగు మాట్లాడే ఇల్లు. మా నానమ్మకీ, ఆమె తమ్ముడైన ఈయనకీ పుట్టి పెరిగిన భాష తెలుగే. కానీ ఈయన వ్యాపారం మీద కటకం, కలకత్తా తిరిగి ఉర్దూ నేర్చుకొని వచ్చాడు. అప్పటినుంచి కొట్లో బేరానికి తెలుగు, చుట్టాల దగ్గర ఉర్దూ. తెలుగు మాట్లాడే ముసల్మాను సగం ముసల్మాను అనేవాడు. మిగతా సగం ఎక్కడ పోతుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మది బొబ్బిలి. అక్కడ మిషను బడిలో ఎనిమిది దాకా చదివింది. నాన్న తల ఊపి వచ్చిన సాయంత్రం ఆమె దెబ్బలాడలేదు. అన్నం వడ్డించి, "బడికి ఎల్లొద్దన్నారు గానీ, సదవొద్దనలేదు కదా?" అని అడిగింది. నాన్న లేదన్నాడు.

"అయితే రేపట్నుంచి బడి ఇక్కడే," అంది.

అలా మొదలైంది మా ఇంటి బడి. తెల్లవారుజామున లేపేది. నూతి దగ్గర చెంబుతో మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, ఇద్దరం పక్కపక్కన నమాజు చదివి, అదే చాప మీద ఖురాను ముందు పెట్టుకునేవాళ్లం. ముందు అరబ్బీ. ఒక్క అక్షరం గొంతులో సరైన చోట పలక్కపోయినా మళ్లీ మొదటికి. ఆ తర్వాత, చదివిన నాలుగు ముక్కలకీ తెలుగులో అర్థం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెలుగు అనువాదం ఒకటి ఆమె దగ్గరుండేది. మిషను బళ్లో క్రైస్తవుల పిల్లలు తమ గ్రంథాన్ని తెలుగులో చదివి, ఇదేమిటి అదేమిటని అడుగుతుంటే ఆమె వినేదట. వాళ్లకి తెలిసినట్టు నాకు మాత్రం ఎందుకు తెలియకూడదని చిన్నప్పుడే పట్టుబట్టింది. ఆ పట్టు నామీదికి వచ్చింది.

చోడంబలి తాగాక లెక్కలు. అమ్మ పొయ్యి దగ్గర, నేను వంటింటి గడప మీద. పలక విరిగిపోయాక నేల మీదే బొగ్గుతో వేసేదాన్ని. చారు పోపు పెడుతూనే ఆమె నా భాగాహారంలో తప్పు పట్టేది. తప్పయిన లెక్క చెరిపేయనిచ్చేది కాదు, దాని పక్కనే ఒప్పు చెయ్యాలి. మధ్యాహ్నం నమాజయ్యాక తెలుగు, చరిత్ర. పుస్తకాలు మా వెనక వీధి కాంపౌండరు గారి అమ్మాయివి. ఐదు దాకా నాతో చదివిన నేస్తం అది. క్రైస్తవుల పిల్ల. అది హైస్కూల్లో చేరింది. సాయంత్రం పెరటి గుమ్మంలోంచి వచ్చి, ఆ రోజు బళ్లో చెప్పినవి నాకు చెప్పి, పుస్తకం ఇచ్చి వెళ్లేది. పొద్దున్న బడికెళ్లే ముందు పట్టుకుపోయేది. అది కొత్త తరగతికి వెళ్లినప్పుడల్లా పాత పుస్తకాలు నావయ్యేవి. నాన్న వాటికి సీట్లలో మిగిలిన రెగ్జిను ముక్కలతో అట్టలు కుట్టేవాడు. భూగోళం ఆయన వంతు. ఏ లారీ ఎక్కడినుంచి ఏం సరుకు తెచ్చిందో, దారిలో ఏ నది దాటిందో అన్నం తింటూ చెప్పేవాడు.

ఇంగ్లీషు దగ్గరే మా బడి కుంటింది. అమ్మకి చదవడం వచ్చుగానీ వ్యాకరణం మరిచిపోయింది. నేను కిటికీలోంచి లారీల వెనక రాసినవి కూడబలుక్కునేదాన్ని. చాన్నాళ్లపాటు నాకు తెలిసిన ఇంగ్లీషంతా హారన్ కొట్టమనడమే.

ఒక శుక్రవారం పొద్దున్న తాతయ్య వచ్చాడు. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ మర్యాదకి వంటింటి పరదా వెనక్కి వెళ్లింది. ఆయన నులక మంచం మీద కూర్చుని, నన్ను పిలిచి, ఖురాను చదవమని ఉర్దూలో అడిగాడు. చదివాను. ఒక చోట దిద్దాడు. అయ్యాక నా తల మీద చెయ్యి వేసి శభాష్ అన్నాడు. నేను నిజంగానే పొంగిపోయాను.

ఆ తర్వాత ఆయన చూపు గూట్లో ఉన్న రెగ్జిను అట్టల మీద పడింది. ఒక్కొక్కటీ తీసి చూశాడు. గణితం. సాంఘికం. తెలుగు వాచకం. అన్నీ దొంతి పెట్టి నాన్న చేతిలో పెట్టి, ఇవి ఎవరివో వాళ్లకి ఇచ్చెయ్యమన్నాడు. ఆడపిల్లకి ఖురాను చదవడం వచ్చింది, అది చాలన్నాడు. నాన్న ఆ పుస్తకాలు రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పరదా వెనకనుంచి అమ్మ గొంతు వచ్చింది. "అర్థం కూడా అడగండి మావయ్యా. అది కూడా సెప్తాది."

అర్థం చెప్పడానికి మతం చదువుకున్న ఆలిములున్నారని ఆయన అన్నాడు. నన్ను ఎవరూ చెప్పమనలేదు. నా అంతట నేనే, ఆయన మెచ్చుకున్న ఆ నాలుగు ముక్కలకీ తెలుగులో అర్థం మొదలుపెట్టి చివరిదాకా చెప్పేశాను.

తాతయ్య మంచం మీంచి లేచాడు. కోపంలో ఆయన ఉర్దూ ఎక్కడ పోయిందో పోయింది. "ఇదేటి? ఖురానుని తెలుగులో సెప్పడమేటి?" అన్నాడు, అచ్చం మా నానమ్మ గొంతుతో.

అమ్మ పరదా తీసుకుని బయటికి వచ్చింది. కొంగు తలమీదే ఉంది.

"అల్లాకి తెలుగు రాదేటి మావయ్యా?" అంది. "ఇన్ని బాసలు పుట్టించినోడికి మన బాసొక్కటే రాకుండా పోయిందేటి?"

ఆయన నాన్న వైపు తిరిగి, "పెళ్లాన్ని అదుపులో ఎట్టుకో. ఈ గుంటని ఏ ఇంటికిస్తావో నానూ సూస్తాను," అని, టీ తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజునుంచి మసీదులో నాన్న సలాముకి జవాబు ఆగిపోయింది. సలాముకి జవాబివ్వకపోవడమంటే మావాళ్లలో మనిషిని వెలేసినట్టే. వీధిలో ఆడవాళ్లు మా నూతికి రావడం మానేశారు. నాన్న కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఓ రోజు అన్నం దగ్గర, తలవంచుకుని, కొన్నాళ్లు ఆపుదామా అన్నాడు.

"ఆపీసిన సదువు మళ్లీ మొదలవదు," అంది అమ్మ. "నా ఎనిమిదో తరగతి సూడు. కొన్నాళ్లనే ఆపేరు."

నాన్న తర్వాతి శుక్రవారం మళ్లీ మసీదుకి వెళ్లాడు. మళ్లీ సలాము చెప్పాడు. ఎవరూ పలకలేదు. ఇంటికి వచ్చి, చెప్పడం నా వంతు, నా వంతు నేను చేశాను అన్నాడు. ఆ వేళ ఆయన మామూలు కన్నా ఎక్కువ అన్నం తిన్నాడు.

అంతవరకూ మేము నడింట్లో, బయటికి వినపడకుండా చదువుకునేవాళ్లం. ఇక అమ్మ చాప తెచ్చి వీధి గుమ్మం దగ్గర, పరదా వెనకాల వేసింది. "ఇక్కడ కూకుని సదువు. గొంతు పెంచు," అంది. ఆడపిల్ల బయటికి కనపడకూడదన్నారు, నేను కనపడను, ఆ మాట తప్పలేదు. వినపడకూడదని ఎవరూ చెప్పలేదు. తాతయ్య కొట్టునుంచి మసీదుకి మా గుమ్మం ముందునుంచే పోవాలి. ఆయన కర్ర చప్పుడు వినపడగానే నేను ఇంకాస్త గట్టిగా అందుకునేదాన్ని. త్రిభుజం మూడు కోణాల మొత్తం ఎంతో ఆయన అన్నేళ్లలో ఎన్నిసార్లు విన్నాడో నాకు లెక్క లేదు. కర్ర ఎప్పుడూ ఆగలేదు. అలాగని దారీ మార్చుకోలేదు.

మెట్రిక్ ప్రైవేటుగా కట్టొచ్చని నా నేస్తం కబురు తెచ్చింది. వయసు వచ్చాక కట్టాను. బురఖా వేసుకుని, నాన్నతో బస్సెక్కి విజయనగరం వెళ్లి రాశాను. హాల్లో మగపిల్లలు నా బురఖా చూసి నవ్వారు. వాళ్లు తెల్లకాగితం ముందు పెట్టుకుని దిక్కులు చూస్తున్నప్పుడు నాకూ నవ్వొచ్చింది. కానీ నేను తప్పాను. అన్నీ వచ్చాయి, ఇంగ్లీషు పోయింది.

ఆ కబురు మాకన్నా ముందు వీధికి తెలిసింది. వంటింట్లో చదువులు ఇలాగే ఉంటాయని తాతయ్య కొట్టు దగ్గర అన్నాడట. నేను రెండు రోజులు అన్నం తినకుండా పడుకున్నాను. అమ్మ ఓదార్చలేదు. "ఒక్కటే కదా పోయింది. మిగతావన్నీ ఎవులిచ్చేరు?" అని, పెరటి గుమ్మం తీసి నా నేస్తాన్ని పిలిచింది. దానికి లెక్కలంటే భయం, నాకు ఇంగ్లీషంటే భయం. ఆ ఏడంతా దానికి నేను లెక్కలు చెప్పాను, నాకది వ్యాకరణం చెప్పింది. అమ్మ కూడా మా పక్కనే కూర్చుని క్రియాపదాలు వల్లించేది. మాకన్నా ముందు ఆమెకే వచ్చేవి.

రెండోసారి గట్టెక్కాను. మార్కులు గొప్పవేం కావు.

నాన్న జిలేబీ తెచ్చాడు. మా వీధిలో పంచాడు. కొందరు తీసుకున్నారు, కొందరు తలుపు తియ్యలేదు. ఆఖరి పొట్లం పట్టుకుని బజారు వైపు నడిచాడు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను, వద్దని పిలవాలనిపించింది. తిరిగి వచ్చాక అడిగితే చెప్పాడు. మేనమామ చింతపండు తూస్తున్నాడట. నాన్న పొట్లం ఆయన పక్కన పెట్టి, "మా పాప మెట్రిక్ పాసయ్యింది మావా," అన్నాడట, కొట్లో ఉన్న నలుగురికీ వినపడేలా.

"ఏటన్నారు?" అని అడిగింది అమ్మ.

"ఏటీ అనలేదు."

తాతయ్య ఆ జిలేబీ తిన్నాడో పారేశాడో మాకు తెలియదు. చనిపోయేదాకా ఆయన మా గడప తొక్కలేదు. అల్లాకి తెలుగు రాదేటి అన్న మాట అమ్మ వెనక్కి తీసుకోనూ లేదు.

ఆ వేళ అమ్మ జిలేబీ పాకం అంటిన వేళ్లు కడుక్కుని, నా వైపు తిరిగి, టీచరు ట్రైనింగుకి ఎక్కడికి వెళ్లాలని అడిగింది. ఊరు దాటి వెళ్లి హాస్టల్లో ఉండాలని చెప్పాను. మన ఇళ్లలో ఏ ఆడపిల్లా అలా వెళ్లలేదని, మళ్లీ ఎవరేమంటారోనని నసిగాను.

"ఎలాగూ అంటన్నారు," అంది అమ్మ. "దరఖాస్తు ఎట్టీ."