రెండు గంటల పాలు

నవంబరులో ఒక ఆదివారం వాకిట్లో మంచు ఎత్తిపోసి ఇద్దరం లోపలికి వచ్చాక, మా పక్కింటామె వంటింటి బల్ల దగ్గర కూర్చుని చేతి తొడుగులు తీయకుండానే ఒక సంగతి చెప్పింది. ఆమెది ఉక్రెయిన్, పడమటి కొండల వైపు ఊరు. యుద్ధం మొదలైన ఏడు కెనడాకు, మా సస్కటూన్‌కు వచ్చింది. వృద్ధుల సంరక్షణ కేంద్రం వంటశాలలో పని చేస్తుంది. మా బేస్‌మెంటులో అద్దెకుండే తెలుగు స్టూడెంట్లు పిలవడం విని, ఆమె కూడా నన్ను ఆంటీ అనే పిలుస్తుంది. ఆమెకు యాభై నాలుగు, నాకు డెబ్బై ఆరు. పిలుపు సరిపోయింది.

"మా అక్క పాల సెంటరు మూసేయాల్సి వచ్చేట్టుంది ఆంటీ" అంది.

ఆమె మాట్లాడింది ఇంగ్లీషులోనే. నేను నా భాషలో రాస్తున్నాను.

ఆ ఊళ్ళో ఇరవై ఎనిమిది ఇళ్ళకు ఆవులున్నాయి, ఇంటికి ఒకటో రెండో. రెండు పూటలా పాలు తెచ్చి వాళ్ళ అక్క దగ్గర పోస్తారు. డెయిరీ లారీ వచ్చి తీసుకుపోతుంది. ఇప్పుడు వాళ్ళ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరడానికి సిద్ధమవుతోంది. చేరే దేశం తన చట్టాలన్నీ వాళ్ళ చట్టాలకు సరిపడేట్టు మార్చుకోవాలి. పాల చట్టం కూడా అందులో ఉంది. డెయిరీ మేనేజరు వచ్చి, వచ్చే అక్టోబరు నుంచి ఇళ్ళ పాలు తీసుకోబోమని, చల్లబరిచే ట్యాంకు పెట్టుకుంటే చూస్తామని చెప్పి వెళ్ళాడట.

"పాలు కొనేవాళ్ళు లేకపోతే ఆవును ఎవరు ఉంచుకుంటారు? ఆవు లేకపోతే బంగాళదుంప చేనుకు ఎరువు ఉండదు. పడుచువాళ్ళు ఇప్పటికే లేరు" అంది. "అక్క ఏం చేయాలో తెలియక నన్ను అడుగుతోంది. నేను నిన్ను అడుగుతున్నాను."

నేను ఈ ప్రావిన్సులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇరవై ఆరేళ్ళు వ్యవసాయ లెక్కలు వేశాను. పెద్ద మార్కెట్టు నియమాలకు ఒదగడమంటే ఏమిటో ఇక్కడి రోడ్ల మీద చూశాను. తొంభై అయిదులో ధాన్యం రైలు రవాణాకు ఇచ్చే పాత రాయితీ తీసేశారు. ప్రపంచ వాణిజ్య నియమాలు ఒక కారణం, ఖజానా లోటు ఇంకో కారణం. ఒక్కటే కారణమని చెప్పేవాళ్ళను నేను నమ్మను. పరిహారం ఇచ్చారు, ఒక్కసారికి. అది పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ళకు చేరింది. ఊరి పేరున ఏ పొలమూ ఉండదు కనుక ఊరికి ఏమీ రాలేదు. చిన్న రైలు మార్గాలు మూతపడ్డాయి. ధాన్యం నిలవచేసి రైలుకెక్కించే ఎత్తైన చెక్క గోదాములు ఒకదాని తరవాత ఒకటి కూల్చేశారు. గోదాము పోయిన ఊళ్ళో రెండు మూడేళ్ళకు కిరాణా కొట్టు పోయేది, ఆపైన బడి. నా ఉద్యోగం అవన్నీ పట్టికల్లో నింపడం. నింపి పంపాక ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఇక్కడ ఒక మనిషి ముందుగా వచ్చి అడుగుతోంది. పది నెలల టైముంది.

"నియమాలు ఇంగ్లీషులో దొరుకుతాయి. చదువుతాను" అన్నాను. "మీ అక్కను పాల లెక్కలు పంపమను. ఏ ఇంట్లో ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, అన్నీ."

మా ఇంటికి శనివారాలు టిఫినుకు వచ్చే డాక్టరు గారొకరున్నారు. గుంటూరు వైపు మనిషి, పశువైద్య ప్రొఫెసరుగా రిటైరయ్యారు. నాకన్నా రెండేళ్ళు చిన్న. భార్య పోయాక మా ఇంటి ఇడ్లీకి అలవాటు పడ్డారు. ఆయనకు ఈ సంగతి చెబితే చెయ్యి ఊపేశారు.

"అమ్మేయమనండి అక్కగారూ ఆ ఆవుల్ని. రెండావుల రైతు రోజులు అయిపోయాయి. ఇక్కడ ఉన్నాడా ఎవడన్నా? పాలమ్మే హక్కుకు కోటా కొనకుండా ఈ దేశంలో చుక్క పాలు అమ్మలేరు."

"ఇక్కడ లేడు కనక అక్కడా ఉండకూడదా?"

"నేనలా అన్నానా?"

"అన్నారు. ఇడ్లీ చల్లారిపోతోంది, తినండి."

అక్క లెక్కలు డిసెంబరు మొదట్లో వచ్చాయి. శ్రద్ధగా రాసిన లెక్కలు. వెన్న శాతం చూసి నాకు సంతోషం వేసింది. ఆ కొండ గడ్డి మేసిన ఆవుల పాలు డెయిరీకి వచ్చే పెద్ద ఫారాల పాలకన్నా చిక్కన. నేను నాలుగు పేజీల నోటు తయారు చేశాను. ఈ పాలు వదులుకుంటే డెయిరీకి ఎంత వెన్న నష్టమో, అదే వెన్న బయట కొంటే ఎంత ఖర్చో విడివిడిగా చూపించాను. పక్కింటామె దాన్ని తన భాషలోకి మార్చి పంపింది. అక్క దాన్ని పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

అతను మర్యాదగానే చదివాడట. "మీ వెన్న బాగుంటుందని నాకు ముందే తెలుసు. వెన్న గురించి యూనియన్ వాళ్ళు అడగలేదు. పాలలో సూక్ష్మజీవులు ఎన్నో చెప్పండి" అన్నాడట.

ఆ శనివారం డాక్టరు గారు కడుపుబ్బ నవ్వారు. "గేదెను కెనడా దాకా తోలుకొచ్చారు అక్కగారూ."

ఆయన అన్నది నిజం. మా కృష్ణా జిల్లాలో పాలంటే గేదె పాలు. పాల కేంద్రం దగ్గర నా చిన్నతనంలో వినపడే ప్రశ్న ఒక్కటే, వెన్న ఎంత అని. పాల విలువ వెన్నలో ఉంటుందని నాకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. ఆవుల దేశంలో ఇరవై ఆరేళ్ళు లెక్కలు వేసినా అది పోలేదు.

"తోలుకొచ్చాను. ఇప్పుడు ఆవు సంగతి చెప్పండి" అన్నాను.

ఆయన చెప్పారు. సూక్ష్మజీవులు మిల్లీలీటరుకు లక్ష లోపు ఉండాలి. పితికిన పాలు శుభ్రంగానే ఉంటాయి, వెచ్చగా ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతూ పోతాయి. అందుకని రోజూ సేకరించే పాలను వెంటనే ఎనిమిది డిగ్రీలకు దించాలి. అంటే ట్యాంకు కావాలి, ట్యాంకుకు కరెంటు కావాలి. యుద్ధంలో ఉన్న దేశంలో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో చెప్పేవాళ్ళు లేరు. జనరేటరు కూడా కలిపి లెక్క వేశాను. ఇరవై ఎనిమిది ఇళ్ళ పాలతో ఆ అప్పు తీరదు. రెండు విధాలుగా వేసినా తీరలేదు.

"నే చెప్పలా?" అన్నారు డాక్టరు గారు.

"చెప్పారు. నేను ఇంకా చదవడం పూర్తి చేయలేదు."

సంక్రాంతి వెళ్ళిన వారం, బయట మైనస్ ముప్ఫై నాలుగు. ఉదయం పాలు కాస్తున్నాను. పక్కింటామె పని నుంచి వచ్చి, కాఫీ కోసం కూర్చుంది.

"ఆంటీ, ఈ పాలు డెయిరీ వాళ్ళు ఒకసారి కాచే అమ్ముతారు. నువ్వు మళ్ళీ ఎందుకు కాస్తావు?"

"మా అమ్మ నమ్మేది కాదు. నేనూ నమ్మను."

"వాళ్ళను నమ్మవా, పాలనా?"

"ఇద్దరినీ."

ఆమె నవ్వుతూంటే నాకు మా పెరట్లో దాలి కళ్ళకు కట్టింది. గేదె కింద నుంచి లేచిన అమ్మ నేరుగా అక్కడికే వెళ్ళేది. కేంద్రానికి పోయగా మిగిలిన పాలు కుండలో పోసి పిడకల నిప్పు మీద పెట్టేది. పాలను చల్లబరచడమనే మాటే మా ఇంట్లో ఎవరూ ఎరగరు. పాలు వచ్చాయంటే నిప్పు మీదికి ఎక్కాలి, అంతే. నేను నెల రోజులుగా చల్లబరిచే దారి ఒక్కటే వెతుకుతున్నాను, మేనేజరు అడిగింది అది కనక.

స్టవ్ కట్టేసి నియమాల కాగితాలు తెచ్చాను. లైను కింద స్కేలు పెట్టి చదివాను. చల్లబరచాలన్న నియమం కిందే ఉంది మినహాయింపు. నేను అంతకు ముందు రెండుసార్లు చదివి దాటిపోయిన వాక్యమే అది. పితికిన రెండు గంటల లోపు పాలను ప్రాసెస్ చేసేట్టయితే, అంటే కాచి చీజ్ లాంటిది చేయడం మొదలుపెడితే, చల్లబరచనక్కరలేదు.

"మీ ఊళ్ళో చీజ్ చేయడం వచ్చా?" అని అడిగాను.

"రాని ఇల్లుందా?"

"ఇంట్లో కాదు. గోడలు కడగడానికి వీలుండే గది కావాలి. నీళ్ళు, మురుగు పోయే దారి ఉండాలి."

ఆమె కప్పు కింద పెట్టింది. పాత సమష్టి వ్యవసాయం నాటి పాలగది ఒకటి ఊరి మధ్యలోనే ఖాళీగా ఉందని, ఇప్పుడు అందులో ఎవరిదో ట్రాక్టరు పెడుతున్నారని చెప్పింది. పొయ్యికి కట్టెలున్నాయి. కరెంటు పోయినా కట్టె కాలుతుంది.

డాక్టరు గారు ఆ వాక్యాన్ని కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివారు. "కుదురుతుంది" అన్నారు చివరికి. "కాని అక్కగారూ, రెండు గంటలు ఏ ఆవు నుంచి లెక్క? మొదటి ఆవు నుంచా, ఆఖరి ఆవు నుంచా?"

"మొదటి ఆవు నుంచి."

"మరి అక్కడ అందరూ ఒకే వేళకు పితుకుతారా?"

అక్కను అడిగాం. మొదటి ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకు పితుకుతారు, ఆఖరి ఇంట్లో ఏడుకు. ఎవరి వేళ వాళ్ళది. ట్యాంకుకు డబ్బు లేదు, అది ఎవరి తప్పూ కాదు. వేళ మాత్రం వాళ్ళ చేతిలో ఉంది. అక్టోబరు లోపు ఆ వేళ కుదిరితే సెంటరు నిలబడుతుంది. కుదరకపోతే లేదు.

మార్చి ఆఖరి ఆదివారం అక్క అందర్నీ బడి గదిలో కూర్చోబెట్టి వీడియోలో మమ్మల్ని కలిపింది. ఆ రోజే వాళ్ళ గడియారాలు గంట ముందుకు జరిగాయి. సస్కటూన్‌లో మేము ఏ కాలంలోనూ జరపం. పక్కింటామెకు ముందు రోజే రెండుసార్లు గుర్తు చేశాను. మాకు ఉదయం పదయింది, అక్కడ సాయంత్రం ఏడు.

రెండు పూటలా అయిదింటికి మొదలుపెట్టి ఆరింటికల్లా పాలు గదికి చేర్చాలని, ఆరున్నర లోపు కుండ కింద మంట వెలగాలని అక్క చెప్పింది. ఇక గోల మొదలైంది. పక్కింటామె నా చెవిలో వరసగా మార్చి చెబుతూ పోయింది.

"నా ఆవు గడియారం చూసి పాలిస్తుందా?" అని ఒక ముసలావిడ.

"ఆవు లేస్తుందిలే, లేవనిది నువ్వు" అని వెనకనుంచి ఇంకొకావిడ. అందరూ నవ్వారు.

"మా నాయనమ్మ ఏడుకే పితికేది."

"మీ నాయనమ్మ పాలు ఎవరూ కొనేవాళ్ళు కాదు."

మొదటి ముసలావిడ కెమెరా దగ్గరికి వచ్చి నన్ను పరికించి చూసింది. "ఈవిడకు ఆవులున్నాయా?" అని అడిగింది.

"లేవు" అన్నాను. "మా అమ్మకు మూడు గేదెలుండేవి. పాల కేంద్రం ఆరింటికి మూసేవారు. ఆరు దాటి అయిదు నిమిషాలకు వెళితే పాలు ఇంటికి మోసుకు రావలసిందే. గేదెలకు నాలుగు రోజుల్లో అలవాటయింది. మాకు నెల పట్టింది."

ఆమె వెళ్ళి కూర్చుంది. చేతులెత్తమన్నారు. పంతొమ్మిది ఇళ్ళు ఒప్పుకున్నాయి. తొమ్మిది ఒప్పుకోలేదు. గడియారం గొడవ తీసిన ముసలావిడ చెయ్యెత్తింది, ఎత్తుతూ ఏదో గొణిగింది. పక్కింటామె దాన్ని నాకు మార్చి చెప్పలేదు.

మే నెలలో ట్రాక్టరు బయటికి వెళ్ళింది, గదికి సున్నం పడింది. మొదటి వారం పాల నమూనా పరీక్షకు పంపితే లక్షకు రెట్టింపు పైన వచ్చింది. "అక్క వదిలేద్దామంటోంది" అంది పక్కింటామె. ఆ పూట ఆమె కూడా అలసిపోయి ఉంది. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చింది.

"అన్నీ కలిపిన క్యానులోంచి తీసిన నమూనాతో ఏం తెలుస్తుంది?" అన్నాను. "ఇంటింటి పాలు విడిగా తీయమను. పంతొమ్మిది సీసాలు."

"పంతొమ్మిది పరీక్షలకు ఖర్చవుతుంది ఆంటీ."

"ట్యాంకు కన్నా తక్కువే."

ఆ వారం డాక్టరు గారు ఎవరూ అడగకుండానే ఒక పేజీ రాసుకొచ్చారు. పొదుగు ఎలా కడగాలి, ఏ గుడ్డతో తుడవాలి, మొదటి ధారలు విడిగా ఎందుకు తీయాలి. "అమ్మేయమన్నారుగా?" అన్నాను. "అమ్మేదాకా కడగాలి గదండీ" అన్నారు, చట్నీ వడ్డించుకుంటూ.

తేడా మూడు ఇళ్ళలో తేలింది. మూడిళ్ళలోనూ ప్లాస్టిక్ బకెట్లు. లోపలి గీతల్లో పాలు నిలిచిపోతున్నాయి. స్టీలు బకెట్లు కొన్నారు. ఒక ఇంట్లో కొననన్నారు, వాళ్ళ పాలు ఆపేశారు. అది కూడా అక్కే తేల్చింది, మమ్మల్ని అడగలేదు. జూలై పరీక్షలో డెబ్బై వేలు వచ్చింది. ఆగస్టులో తనిఖీవాళ్ళు వచ్చి కిటికీకి దోమతెర, చేతులు కడగడానికి విడిగా కుళాయి పెట్టమన్నారు. పెట్టాక సంతకం చేశారు. చీజ్ జిల్లా లోపల అమ్ముకోవచ్చు.

అక్టోబరు ఒకటిన డెయిరీ లారీ రాలేదు. మాకు రాత్రి అవుతున్నప్పుడే అక్కడ తెల్లవారింది కనక కబురు నాకు మర్నాడు ఉదయం చేరింది. పక్కింటామె పనికి వెళుతూ గుమ్మంలోంచే చెప్పింది.

"పద్దెనిమిది ఇళ్ళూ తెచ్చాయి ఆంటీ. ఆరు దాటిన వాళ్ళు ఒక్కరూ లేరు."

"మంట ఎప్పుడు వెలిగింది?"

"ఆరూ ఇరవై ఎనిమిదికి."

"రేపు ఇరవైకి వెలిగించమను. చలికాలంలో కట్టె తొందరగా అంటుకోదు" అన్నాను.