ఒక్క బస్తా కూడా కొనం అన్నాం

ముత్తుకూరు చుట్టుపక్కల చిన్న ఇళ్లు కట్టి ఇవ్వడం నా వృత్తి. మా నిర్మాణదారుల సంఘంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మీటింగుల్లో తీర్మానాలు రాసే పని నాకు అప్పగించారు. రాసేవాళ్లు మాట్లాడరని వాళ్ల నమ్మకం.

ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో సిమెంటు ధర ఉన్నట్టుండి పెరిగింది. డీలర్లందరూ ఒకే రోజు ఒకే రేటు చెప్పారు. ఇళ్ల యజమానులతో మేం ముందే ఒక రేటు ఒప్పుకుని ఉన్నాం, ఇప్పుడు పెంచమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం? విడివిడిగా వెళ్లి బతిమాలితే డీలర్లు టీ తాగించి పంపేవారు. చివరికి మా అధ్యక్షుడు, అపార్టుమెంట్లు కట్టే పెద్దమనిషి, అందరినీ పిలిచాడు. ధర దిగేదాకా ఎవరూ ఒక్క బస్తా కూడా కొనకూడదని తీర్మానించాం. నేను రాశాను, అందరం సంతకాలు పెట్టాం.

మర్నాడు పొద్దున్నే నా దగ్గర కాంక్రీటు పని చేసే అక్క ఒకామె సంఘం ఆఫీసుకు వచ్చింది. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం ఆమెది, పనికోసం ఇటు వచ్చింది. వెనకాల పదిమంది ఆడవాళ్లు.

"మీరు సిమెంటు కొనకుండా ఉండగలరు సార్. మేము తినకుండా ఉండగలమా? మమ్మల్ని ఒక మాట అడక్కుండా ఎట్ట రాసుకున్నారు?" అంది.

"అందరి మంచికే కదమ్మా చేస్తుండాం. నాలుగు రోజులు ఓర్చుకోండి," అన్నాడు అధ్యక్షుడు.

"నాలుగు రోజులేనని రాసియ్యండి."

ఆయన నా వైపు చూశాడు. నేను తీర్మానాల పుస్తకం మూసేశాను. "ఆమె అడిగింది న్యాయం సార్. సిమెంటు అక్కర్లేని పని వెతికి వీళ్లకివ్వాల్సింది మనమే. అది కూడా తీర్మానంలో ఉండాలి," అన్నాను. ఆ ఆఫీసులో నేను గొంతు పెంచడం అదే మొదలు.

ఆ పూటే అందరం కూర్చుని ఎవరి దగ్గర ఏముందో చెప్పుకున్నాం. పునాదుల తవ్వకం, ఇనప కమ్మీలు కట్టడం, రంగులు వేయడం. పనుల్ని సభ్యులందరి కూలీలకూ సర్దాం. నా వంతుకు మా పక్కూరి చర్చి పెంకుల కప్పు మరమ్మతు వచ్చింది. చిన్న పనని పాస్టరుగారిని ఏడాదిగా తిప్పుకుంటున్నాను. సిగ్గుపడుతూనే వెళ్లి ఒప్పుకున్నాను. పెంకులన్నీ దించి కడిగి, పుచ్చిన వాసాలు మార్చాం. పైకెక్కడానికి మగవాళ్లు తటపటాయిస్తుంటే ఆ అక్క కొంగు దోపుకుని ఎక్కేసింది.

మూడో వారంలో ఒక డీలరు చర్చి దగ్గరికే వచ్చాడు.

"మీకు మాత్రం పాత రేటుకే దించుతాం మేడం. ఎవరికీ చెప్పొద్దు."

"అందరికీ అదే రేటుకు దించండి. వాళ్లతోపాటే నాకూ."

ఆయన నవ్వాడు. "మీ ప్రెసిడెంటు సైటులో నిన్ననే దించినాం కదా."

నమ్మలేక వెళ్లి చూశాను. టార్పాలిన్ కింద బస్తాలు వరుసగా ఉన్నాయి. ఆ సాయంత్రం మీటింగులో తీర్మానం బిగ్గరగా చదివి, మొదటి సంతకం ఎవరిదని అడిగాను.

"నా పరిస్థితి వేరమ్మా. నాది పెద్ద పని," అన్నాడాయన.

"పేజీలో మీ సంతకానికీ మా సంతకాలకూ ఒకటే చోటిచ్చినాను సార్," అన్నాను.

ఆయన లేచి వెళ్లిపోయాడు. వెంట నలుగురు వెళ్లారు. మిగిలినవాళ్లం కదల్లేదు. భయం వేయలేదని చెప్పను. నా చేతిలో ఉన్న ఒక ఇంటి పనిని యజమాని విసిగిపోయి వేరేవాళ్లకిచ్చేశాడు. అయినా బస్తా దించలేదు.

ఇంకో రెండు వారాలకు డీలర్లే మా ఆఫీసు మెట్లెక్కారు. పెంచినదంతా తగ్గలేదు, సగం తగ్గింది. ఇకమీదట పెంచే ముందు సంఘానికి చెబుతామని రాసిచ్చారు. మేం ఓడిపోయామని, మమ్మల్ని వదిలి వెళ్లిపోయినవాళ్లు ప్రచారం చేశారు. వాళ్లు వేరే సంఘం పెట్టుకున్నారు, ఏసీ ఆఫీసు. నన్నూ రమ్మన్నారు. పోలేదు.

ఇప్పుడు మా సంఘంలో కూలీలకు రెండు సీట్లున్నాయి. వాళ్లు ఒప్పుకోకుండా ఏ పనీ ఆపడానికి లేదు. ఇసుక ధర మీద ఇంకో గొడవ మొదలైంది, ఎల్లుండి మీటింగు. సర్దుకుపొమ్మని ఈసారి కూడా ఎవరో ఒకరు చెబుతారు. నేను సర్దుకోను.