మహిమ దింపించిన ఫ్లెక్సీ

కోడుమూరు మే నెల ఎండల్లో, తడిపిన గోనెపట్టాలు కిటికీలకు కట్టి, పాత కంప్యూటర్లు మాడిపోకుండా కాచుకుంటూ దాసన్న కూతురు మహిమ తన మొదటి బ్లాకు గెలిచింది. మా ఊర్లో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమె. పదో తరగతిలో బడికి ఫస్టొచ్చిందీ ఆమే. క్రిస్మస్ ముందురోజు చర్చి మైకు మూగబోతే విప్పి మాట్లాడించిందీ ఆమే. గొప్ప ఉన్నప్పుడు చెప్పుకోవాల కదా!

బ్లాకంటే ఏందని అడిగినోళ్లకు మహిమ విసుక్కోకుండా చెప్పేది. అదొక చిన్న క్రిప్టో నాణెం. దానికి బ్యాంకు లేదు, మేనేజరు లేడు. ఎవరు ఎవరికి పంపినారనే లెక్క ఎందరి కంప్యూటర్లలోనో ఒకే తీరుగా ఉంటుంది. ఆ లెక్కకు కొత్త పేజీ చేర్చడానికి కంప్యూటర్లన్నీ ఒక చిక్కుముడి విప్పే పోటీ పడతాయి. గెలిచినోళ్లు పేజీ రాస్తారు, వాళ్లకు కొత్త నాణేలు దక్కుతాయి. ఆ పేజీనే బ్లాకంటారు. ఏ వరుస పేజీల వెనుక కంప్యూటర్ల కష్టం ఎక్కువుంటే అదే అసలు లెక్క.

ఒంటరి పోటీ కష్టమని, కలిసి గెలిచి పంచుకునేటట్టు మహిమ ఒక జట్టు కట్టింది. ఇంక చూడండి, కర్నూలు నుంచి ఎమ్మిగనూరు దాకా కుర్రోళ్లంతా తమ కంప్యూటర్లను అందులోనే కలిపినారు. మన ఆడబిడ్డను కాదని బయటోళ్ల జట్టులో చేరతామా అని వాళ్ల పంతం.

ఒకరోజు పొద్దున తన కంప్యూటర్ సెంటరు తెరవబోతా సర్కిల్లో ఆమె నిలబడిపోయింది. తన ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ! 'ప్రపంచంలో యాభై నాలుగు శాతం మనదే' అని దాని మీద అక్షరాలు. ఆ నాణేనికి పోటీపడే కంప్యూటర్ల బలంలో తన జట్టు సగం దాటిన సంగతి, పనుల్లో పడి ఆమె చూసుకోనేలేదు.

ఫ్లెక్సీ కట్టించిన మొబైల్ షాపు దేవేంద్రప్ప నవ్వుకుంటా వచ్చినాడు.

"ఎట్లుండాదమ్మా?"

"ముందు దాన్ని దింపించన్నా. సగం దాటితే, పంపిన నాణేలను పంపనట్టు చాటుగా వేరే వరుస రాయొచ్చు. మన బలమే ఎక్కువ కాబట్టి అందరూ దాన్నే ఒప్పుకోవాల."

"నువ్వు అట్లా చేస్తావా యాడన్నా?"

"చెయ్యను. చెయ్యగలనని తెలిస్తే చాలు, ఆ నాణెం ఎవరూ ముట్టరు. ఇన్నేండ్ల నా కష్టం మట్టే. సగం మంది వేరే జట్టుకు పోవాలన్నా."

"నమ్మి వచ్చినోళ్లను తరుముతాండావా?" దేవేంద్రప్ప మొహం మాడ్చుకున్నాడు.

అంతసేపూ పక్కనే టీ తాగుతాండిన దాసన్న గ్లాసు కింద పెట్టినాడు. "ఏమప్పా, బండలాగుడు పోటీకొచ్చిన ఎద్దుల్లో సగానికి పైన నీవే అయితే బయటూరోడు వస్తాడా? ఎద్దులు నీవే, బండ నీదే, ఈలలు గూడా నువ్వే ఏసుకోవాల!"

టీ అంగడంతా నవ్వింది. దేవేంద్రప్పకూ నవ్వాగలేదు. "సరేలే మామా. యాడికి పోవాల మేము?"

"మంగంపేట మధులత జట్టుకు. అది చిన్నది, మనోళ్లు చేరినా సగం దాటదు" అంది మహిమ.

"కాలేజీ నుంచి నీకూ ఆ పిల్లకూ పడదు కదా!"

"అందుకే అన్నా. మేమిద్దరం ఏకమవుతామని ఎవరూ అనుకోరు."

ఫోన్ చేస్తే మధులత, "చివరికి నా దగ్గరికే వచ్చినావా?" అని దెప్పిపొడిచింది. ఒప్పుకుంది గానీ, చేరినోళ్ల లెక్కలన్నీ వచ్చి దగ్గరుండి అప్పగించాలంది. ఆ సాయంత్రానికే దేవేంద్రప్ప సగం మందిని ఒప్పించినాడు. మహిమ జట్టు సగానికి చాలా కిందికి దిగింది. నాణెం నిలబడింది.

ఫ్లెక్సీని దాసన్న గడ్డివామి మీద కప్పినాడు. వానొస్తే ఇప్పుడు చుక్క దిగదు. మహిమ నిన్ననే మంగంపేట బస్సెక్కింది. అక్కడి పని ముగించుకొని, ఒంటిమిట్టలో స్నేహితురాలిని పలకరించి, ఆదివారం ఆరాధనకు ముందే ఇంట్లో ఉంటానంది. అంటే అక్టోబరు పది, శనివారానికే వచ్చేస్తుంది.